నాలుగున్నరేళ్ల వాడకం తర్వాత పిల్లల కారు సీటు

మా పాపకు మూడో నెలలో కొన్న కారు సీటును ఆమె 18 కిలోలు దాటేవరకు, అంటే నాలుగున్నరేళ్లు వాడాము. అది పిల్లల సీట్ల భద్రతకు యూరప్‌లో పెట్టిన ఆర్44 ప్రమాణానికి లోబడి తయారైనది. మా పాత కారులో ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే పిల్లల సీటును నేరుగా కారుకే తగిలించే కొక్కేలు, లేనందున దానిని కారు బెల్టుతోనే బిగించుకోవలసి వచ్చింది. సీటు మంచిదే, తప్పులు నావి.

ఇటువంటి సీటుకు బెల్టు పోనిచ్చే దారులు రెండు ఉంటాయి: బిడ్డ వెనక్కి చూస్తూ కూర్చునేటప్పుడు నీలం గుర్తుల గుండా, ముందుకు చూసేటప్పుడు ఎర్ర గుర్తుల గుండా. వెనక్కి తిప్పినప్పుడు బెల్టు పొడవు చాలీచాలనట్టు ఉండడంతో, నేను అందినట్టల్లా ఎర్ర గుర్తుల్లోంచి లాగి, గట్టిగానే ఉందనుకుని రెండు నెలలు గడిపాను. ఒకనాడు కారు తుడుస్తూ సీటును ఊపితే బెత్తెడు పక్కకు జరిగింది. సూచనల పుస్తకం తెరిచింది అప్పుడే. బెల్టు వెళ్లే చోట పట్టుకుని ఊపితే సీటు అంగుళానికి మించి కదలకూడదు. సీటులో మోకాలు ఆనించి, బరువంతా మోపి, వదులు లాగేస్తే తప్ప ఆ బిగువు రాదు. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్నప్పుడు బిడ్డను వెనక్కి చూసేలా అక్కడ కూర్చోబెట్టడం ప్రాణాంతకం కనుక మేము ఎప్పుడూ వెనక వరుసనే వాడాము.

అసలు ఇబ్బంది మా అత్తగారితో వచ్చింది. ఒడి ఉండగా ఈ కుర్చీ ఎందుకన్నది ఆమె ప్రశ్న. 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో పదో వంతులో ఆగితే 10 కిలోల బిడ్డ దాదాపు 140 కిలోల బలంతో ముందుకు లాగుతుందని, అది 25 కిలోల బియ్యం బస్తాలు అయిదారింటిని చేతులతో ఆపడమేనని లెక్క చెప్పాను. 2019 మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ తగిన సీటు గానీ లేకపోతే 1000 రూపాయల జరిమానా అనీ చెప్పాను. రెండూ పారలేదు. విజయవాడ ప్రయాణంలో పాప ఒళ్లో లేనందున సూర్యాపేట దాటినా తన మోకాళ్లు పట్టేయలేదని గమనించాక మాత్రం, పాపను సీటులో కూర్చోబెట్టే పని ఆమే తీసుకున్నారు.

భుజాల పట్టీల విషయంలో ఒక్క పరీక్ష చాలు: భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లితే మడత చేతికి రాకూడదు. డిసెంబరులో అరకు వెళ్లినప్పుడు లావు స్వెటర్ మీద పట్టీ బిగించాము. స్వెటర్ విప్పాక ఆ పట్టీ కింద అరచేయి దూరింది. ఆ తర్వాత పట్టీ బిగించి, పైన శాలువా కప్పేవాళ్లం.

లోపాలూ ఉన్నాయి. వెడల్పు ఎక్కువ కావడంతో పక్కన ఇద్దరు పెద్దలకు చోటు చాలదు. గుడ్డ గాలాడనిది, మే నెలలో పాప వీపంతా చెమటే. ఎండలో నిలిపిన కారులో బకిల్ ఇనుము కాలిపోతుంది కనుక దానిపై తెల్ల తువ్వాలు కప్పి ఉంచేవాళ్లం. ఒకసారి జంతికల ముక్కలు బకిల్‌లోకి దూరి క్లిక్‌మన్న చప్పుడు రాలేదు. తిరగేసి దులిపితే గుప్పెడు రాలాయి.

ఇప్పుడు పాప బూస్టర్ మీద, అంటే కారు బెల్టు సరిగా అందేలా ఎత్తు పెంచే పీట మీద కూర్చుంటోంది, నడుము బెల్టు పొట్ట మీదికి కాక తుంటి మీదికి వస్తోంది. పాత సీటును మా చెల్లెలు అడిగింది. దాని అడుగున ముద్రించిన గడువు ఇంకా ఉందని, ఏ ప్రమాదంలోనూ అది దెబ్బతినలేదని చూసుకుని ఇచ్చాను. నీలం దారి పక్కన మార్కర్‌తో పెద్ద బాణం గీశాను.