ఏడాది పాటు టిర్జెపటైడ్: తగ్గిన కిలోలు, పడ్డ పాట్లు

నిరుడు జూన్‌లో మొదలుపెట్టినప్పుడు నా బరువు 92 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఇప్పుడు 78 కిలోలు. వారానికోసారి పొట్ట మీద వేసుకునే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌తోనే తగ్గాను. మధ్యలో రెండు నెలలు మానేశాను, ఆ ముచ్చట కింద చెబుతా. నేను డాక్టర్‌ని కాదు. విజయవాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకుంటాను, ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. కాబట్టి ఇది నా ఒంటికి జరిగిన సంగతి మాత్రమే.

ఈ మందు మన దేశంలో 2025 మార్చిలో అమ్మకానికి వచ్చింది. మొదట్లో పెన్నులు లేవు, చిన్న సీసాలే. అప్పట్లో 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 ఉండేది. ఒక్కో సీసా ఒక్క వారానికే. ఇన్సులిన్ సిరంజిలోకి అర మిల్లీలీటరు లాక్కుని పొడుచుకోవాలి. సూది చీమ కుట్టినంత కూడా నొప్పెట్టదు, నొప్పంతా బిల్లు దగ్గరే.

మొదటి ఇంజెక్షన్ ఆదివారం వేసుకున్నాను. బుధవారం సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే మా వీధి చివర మిర్చి బజ్జీల బండి దాటి వచ్చేశాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక గుర్తొచ్చింది, బండి వైపు చూడనే లేదని. ఇరవై ఏళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు. పొద్దున టిఫిన్ తింటూనే మధ్యాహ్నం కూరేంటా అని ఆలోచించే మనిషిని నేను. ఆ ధ్యాస ఎవరో స్విచ్ ఆపినట్టు ఆగిపోయింది. పేగుల్లోంచి వచ్చే రెండు హార్మోన్ల పనిని ఈ మందు అనుకరిస్తుందట. కడుపు నిండిందని మెదడుకు చెబుతుంది, తిన్నది పొట్టలోంచి కిందికి దిగడాన్ని నెమ్మదింపజేస్తుంది. మంచైనా చెడైనా జరిగింది చాలావరకు ఈ రెండింటి వల్లే.

అందరూ వాంతుల గురించే భయపెట్టారు. నాకు వాంతి మూడు సార్లే అయింది. అందులో ఒకటి పూర్తిగా నా స్వయంకృతం. సూది వేసుకున్న మర్నాడు పెళ్లి భోజనం. అరిటాకులో పులిహోర, గారె, ముద్దపప్పు మీద నెయ్యి. నాలుగు ముద్దలకే గొంతు దాకా నిండిపోయినట్టయింది. వడ్డించేవాళ్లు ఊరుకోరు కదా, “అదేంటమ్మా, ఏమీ తినలేదు” అని ఇంకో గారె వేశారు. మొహమాటానికి తిన్నాను. సాయంత్రం దాకా ఆ గారె పొట్టలోనే కూర్చుంది. ఆ రాత్రి కుళ్లిన గుడ్డు వాసనతో త్రేన్పులు, తర్వాత వాంతి. అప్పటి నుంచి ఆదివారం సూది మానేసి, పెళ్లిళ్లకూ పేరంటాలకూ దూరంగా ఉండేలా మంగళవారం రాత్రికి మార్చుకున్నాను. నూనె సరుకు, కడుపు నిండిపోవడం, ఈ రెండూ తగ్గించాక వికారం చాలావరకు పోయింది.

అసలు ఇబ్బంది మలబద్ధకం. దీని గురించి ఎవరూ నోరు విప్పరు గానీ నాకు వాంతులకంటే పదింతలు బాధ పెట్టింది. ఐదో రోజు దాకా విరేచనం కాక, ఆరో రోజు రక్తం చూసి హడలిపోయాను. మలద్వారం దగ్గర చీలిక వచ్చిందన్నారు. ఆకలితో పాటు దాహం కూడా తగ్గిపోయిందనీ, రోజుకు నాలుగు గ్లాసుల నీళ్లు కూడా తాగడం లేదనీ అప్పుడు లెక్కేసుకుంటే తెలిసింది. రాత్రి ఇసబ్‌గోల్, పొద్దున బొప్పాయి ముక్కలు, బల్ల మీద లీటరున్నర సీసా, ఖాళీ అయితే గానీ కాలేజీ నుంచి కదలకూడదని నియమం. మూడు వారాలకు దారిలో పడింది.

షుగర్ పడిపోవడం రెండోది, ఇది ప్రమాదకరం కూడా. బరువు కోసం కొత్త డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నానని చెప్పాను గానీ, పాత చీటీలోని గ్లిమెపిరైడ్ అనే ఇంకో షుగర్ మాత్ర మాట మర్చిపోయాను. ఆ మాత్ర ఇన్సులిన్‌ని తోసి తెస్తుంది, తిండి తగ్గినా దాని పని అది చేస్తూనే ఉంటుంది. ఐదో వారంలో బోర్డు మీద సమాకలనం చేస్తుండగా చేతులు వణికి, జాకెట్టు తడిసిపోయి, అంకెలు రెండుగా కనిపించాయి. ముందు బెంచీ పిల్ల ఇచ్చిన చాక్లెట్ నమిలి స్టాఫ్ రూముకెళ్లి చూసుకుంటే 58. చాక్లెట్ తిన్నాక కూడా అంతే ఉందంటే అంతకు ముందు ఎంతుందో! గ్లిమెపిరైడ్ ఆ రోజే ఆపించారు. ఇన్సులిన్ గానీ ఆ జాతి మాత్రలు గానీ వాడేవాళ్లు మొదటి సూదికి ముందే డోసు సంగతి తేల్చుకోండి.

నాలుగో నెలలో జుట్టు. దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. వేగంగా బరువు తగ్గితే ఎవరికైనా ఇలా రాలుతుందనీ, మళ్లీ వస్తుందనీ డాక్టర్ చెప్పినా అద్దం ముందు ఏడుపొచ్చింది. మెట్లెక్కితే తొడలు వణికేవి కూడా. ఏం తింటున్నారో వారం రోజులు రాసుకురమ్మంటే రాశాను: పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం మజ్జిగన్నం, రాత్రి కాఫీ. లెక్కల టీచర్ని కదా, కూడి చూస్తే నాకే సిగ్గేసింది. తగ్గిన బరువులో కొవ్వొక్కటే కాదు, కండ కూడా ఉంటుందట. ఆకలి లేకుండా చేయడం వరకే మందు పని, తిండి మానేసింది నేను. ఇప్పుడు ఆకలి ఉన్నా లేకపోయినా గడియారం చూసి తింటాను. రెండు గుడ్లు, పెసరట్టు, గట్టి పెరుగు, రాత్రి చేపో శనగలో. వారానికి మూడు రోజులు డంబెల్స్. ఫిబ్రవరికి జుట్టు రాలడం ఆగింది.

అక్టోబరులో డోసు 5 నుంచి 7.5 మిల్లీగ్రాములకు పెంచారు. నెల రోజులు పుల్లటి త్రేన్పులతో నిద్ర లేదు. పెద్దగా తగ్గింది కూడా ఏమీ లేదు. మళ్లీ 5కే వచ్చేశాను. 15 దాకా డోసులున్నాయి గానీ, పైకి ఎక్కడం పరీక్షలో ర్యాంకు లాంటిదేం కాదు.

ఇక మానేసిన సంగతి. ఫిబ్రవరిలో 77కి వచ్చాను. అబ్బాయి ఫీజులు కట్టాల్సి వచ్చి, తగ్గాల్సింది తగ్గాం కదా అని ఆపేశాను. మూడో వారానికి బజ్జీల బండి మళ్లీ కనిపించింది. రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను, పొద్దున షుగర్ 110 నుంచి 150కి ఎక్కింది. 36 వారాలు వాడి ఆపేసినవాళ్లు ఆ తర్వాతి ఏడాదిలో సగటున 14 శాతం బరువు పెరిగారని పెద్ద అధ్యయనంలో తేలిందని డాక్టర్ అప్పుడు చెప్పారు. ముందే చెప్పాల్సింది అనిపించింది. ఏప్రిల్‌లో మళ్లీ 2.5 నుంచే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇప్పటిదాకా మందుకే లక్షా డెబ్బై వేలు దాటింది.

ఎండాకాలం ఇంకో టెన్షన్. మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, బయట అయితే 30 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో మా వంటింట్లోనే 38 ఉంటుంది. కరెంటు పోయిన ప్రతిసారీ ఫ్రిజ్ తలుపు ఎవరూ తీయొద్దని ఇంట్లో కేకలు.

మా అక్క కూతురు పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గాలి, నాకూ ఇప్పించు పిన్నీ అంది. కుదరదన్నాను. నాలుగు కిలోల కోసం వాడే మందు కాదిది. గర్భం కోసం చూసేవాళ్లు వాడకూడదు. మొదలుపెట్టినప్పుడూ డోసు పెంచినప్పుడూ నాలుగు వారాలు గర్భనిరోధక మాత్రల మీద కూడా పూర్తిగా ఆధారపడలేం. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే అసలు వద్దంటారు. పొట్టలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి వస్తే పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాపు కావచ్చు, గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దని నాకు మొదటి రోజే చెప్పి పంపారు. నాకు రాలేదు. మా స్టాఫ్‌లో ఇదే మందు వాడే ఒకావిడకు మాత్రం పిత్తాశయంలో రాళ్లు తేలి ఆపరేషన్ దాకా వెళ్లింది.

బంధువులు “షుగర్ ముదిరిందా, మొహం పీక్కుపోయింది” అంటున్నారు. మా అమ్మయితే దిష్టి తీస్తోంది. మోకాళ్లు మాత్రం రెండో అంతస్తు క్లాసుకు ఆగకుండా ఎక్కుతున్నాయి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4 శాతం నుంచి 6.3కి వచ్చింది. వచ్చే నెల సీసాలకు డబ్బు పక్కన పెట్టాను, గుడ్లకు కూడా.