విజయనగరంలో పాత పెట్రోల్ కారు కొనేవారికి హెచ్చరిక: చెక్ ఇంజిన్ లైటు వెలగనంత మాత్రాన బండి బాగున్నట్టు కాదు

సంక్రాంతి వెళ్లిన వారంలో, విజయనగరంలో పాత కార్లు అమ్మే ఒక వ్యాపారి వద్ద మేము 2016 నాటి చిన్న పెట్రోల్ కారు కొన్నాము. పది రోజులు తిరగకముందే ఇంజిన్‌లో మిస్సింగ్ మొదలైంది. అసలు కారణం దొరికేసరికి మూడు నెలలు గడిచి, 17,000 రూపాయలు ఖర్చయ్యాయి. చివరికి తేలింది ఏమిటంటే, పాడైనది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని కొలిచే సెన్సర్ ఒక్కటే. దాని ధర 650 రూపాయలు. ప్రస్తుతం పాత బండి కోసం చూస్తున్నవారు మాలాగా నష్టపోకూడదని ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

కొనే రోజు ఉదయం చల్లటి ఇంజిన్‌నే మాకు స్టార్ట్ చేసి చూపించారు. తాళం తిప్పగానే, ఇంజిన్‌లో లోపాన్ని తెలిపే చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్టార్ట్ కాగానే ఆరిపోయింది. అలాగే జరగాలి కూడా. కోట కూడలి వరకు వెళ్లి వచ్చాము, ఏ లోపమూ కనిపించలేదు. కనిపించకపోవడానికి కారణం తరువాత తెలిసింది: ఈ లోపం ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు బయటపడదు.

బయటపడింది గజపతినగరం దాటాక. బండి ఆపినప్పుడల్లా ఐడిలింగ్ నిలకడ లేకుండా పైకీ కిందికీ ఊగడం, పొగగొట్టం వద్ద పచ్చి పెట్రోల్ వాసన, రామభద్రపురంలో టీ తాగి వచ్చి సెల్ఫ్ కొడితే ఎంతకీ అందుకోకపోవడం, మైలేజీ 17 నుంచి 11కు పడిపోవడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మెకానిక్ ప్లగ్గులు మార్చారు, తరువాత ఇగ్నిషన్ కాయిల్స్ మార్చారు, ఇంజెక్టర్లు శుభ్రం చేయించారు. కొత్త ప్లగ్గులు వేసిన అయిదు రోజులు బండి చక్కగా నడిచి, మళ్లీ అదే తీరుకు వచ్చింది; విప్పి చూస్తే ప్లగ్గుల నిండా నల్లటి మసి ఉంది. ఆ మసి చూసినప్పుడే మేము ఆగి ఆలోచించవలసింది. ప్లగ్గు పాడై మిస్సింగ్ రావడం లేదు, అవసరానికి మించి పెట్రోల్ పడుతున్నందువల్ల ప్లగ్గు పాడవుతోంది.

ఈ సెన్సర్‌లో వేడి పెరిగే కొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతుంది. సాధారణంగా 20 డిగ్రీల వద్ద సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు ఉంటుంది. మా బండిలో ఇంజిన్ మరిగిపోతున్నా అది 1,700 దగ్గరే నిలిచిపోయింది, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కు ఎప్పుడూ 30 డిగ్రీలే అందుతున్నాయి. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని అది అదనంగా పెట్రోల్ పంపుతూనే ఉంది. పూర్వపు కార్బ్యురేటర్ బళ్లలో చోక్ లాగి, తిరిగి నెట్టడం మరిచిపోయి రోజంతా నడిపితే ఏమవుతుందో ఇదీ అంతే. వైరు తెగిపోతే కంప్యూటర్ వెంటనే గుర్తిస్తుంది. 30 డిగ్రీలనేది నమ్మదగిన అంకె కాబట్టి, ఎంతసేపటికీ అది పెరగడం లేదని గమనించిన తరువాతే ఆ లోపాన్ని సూచించే పి0116 వంటి కోడ్ కంప్యూటర్‌లో నమోదవుతుంది. చాలా కోడ్‌ల విషయంలో లైటు వెలగడానికి వరుసగా రెండు ప్రయాణాల్లో అదే లోపం కనబడాలి. అందుచేత అమ్మే ముందు కోడ్ చెరిపేస్తే లైటు కొన్నాళ్లపాటు వెలగకపోవచ్చు.

దీనిలో ప్రమాదం కూడా ఉంది, ఈ సంగతి గట్టిగా చెప్పదలచుకున్నాను. మా బండిలో రేడియేటర్ ఫ్యాన్‌ను తిప్పేది కూడా ఆ సెన్సర్ చెప్పే అంకెనే. సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుండగా ఫ్యాన్ తిరగక, వేడి చూపే మీటరు ముల్లు కదలక, బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చింది. వెంటనే ఆపడం వల్ల హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) కాలిపోకుండా దక్కింది.

లోపాన్ని పట్టుకున్నది శ్రీకాకుళంలోని ఒక ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన బండిని రాత్రంతా తన వద్దే ఉంచుకుని, తెల్లవారి స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు, కోడ్‌లు చదివే పరికరం) పెట్టి చూశారు. కూలెంట్, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, రెండూ 27 డిగ్రీలే చూపాయి, అది సరైనదే. పదిహేను నిమిషాలు నడిపిన తరువాత రేడియేటర్ పై గొట్టం చెయ్యి పెట్టలేనంత కాలుతుండగా స్కానర్‌లో కూలెంట్ 31 దగ్గరే ఉంది. కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటమైన థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయినా అంకె తక్కువగానే ఉంటుంది, కానీ అప్పుడు ఇంజిన్ నిజంగానే చల్లగా ఉంటుంది. అదీ నిర్ధారించుకుని, సెన్సర్ కనెక్టర్ పిన్నులకు తుప్పు లేదని చూసి, ఆ తరువాతే సెన్సర్ విప్పారు. కొత్తది వేశాక పన్నెండు నిమిషాల్లో 88 డిగ్రీలకు చేరింది, ఫ్యాన్ తిరిగింది.

కనుక కొనేముందు బండిని కనీసం అరగంట నడిపి, వేడి మీద ఆపి, పది నిమిషాల తరువాత మళ్లీ స్టార్ట్ చేయండి. స్కానర్ ఉన్న మనిషిని వెంట తీసుకువెళ్లండి. కోడ్‌లు లేకపోయినా, రెడీనెస్ పరీక్షలు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే తనిఖీలు) పూర్తి కాలేదని చూపితే, కోడ్‌లు చెరిపిన తరువాత తిరిగిన దూరం పదో ఇరవయ్యో కిలోమీటర్లుంటే, ఇటీవలే ఎవరో చెరిపారని, లేదా బ్యాటరీ విప్పారని అర్థం. లైటు వెలిగితే కోడ్ రాసుకోకుండా ఎవరినీ చెరపనివ్వకండి. మా మెకానిక్ బ్యాటరీ తీగ విప్పి లైటు ఆర్పడంతో, వ్యాపారి ఎప్పుడు చెరిపారో చూపే ఆధారం మాకు మిగలలేదు.

ఆర్‌సీలో ఉన్న పాత యజమానికి ఫోన్ చేస్తే, అమ్మడానికి నెల ముందు నుంచీ లైటు వెలుగుతూనే ఉందని, ఆ మాట వ్యాపారికి చెప్పే ఇచ్చానని అన్నారు. వ్యాపారి మాత్రం తనకేమీ తెలియదంటున్నారు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫిర్యాదు చేశాము. దయచేసి మీరు పాత యజమానికి ఫోన్ బయానా ఇవ్వకముందే చేయండి. మేము డబ్బంతా కట్టిన మూడు నెలలకు చేశాము.