గ్యాస్ గీజర్: మోడల్ కంటే ముందు గోడ చూసుకోండి

గ్యాస్ గీజర్ కొనేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని లీటర్లది, ఏ కంపెనీది అని. రెండు ఇళ్లలో రెండు రకాల గీజర్లు ఏళ్ల తరబడి వాడిన మీదట నేను ముందు అడిగేది వేరు: దాన్ని ఏ గోడకు బిగిస్తారు? అది తేలాకే మోడల్ సంగతి. ఈ సమీక్షలో కూడా చాలా భాగం చోటు గురించే ఉంటుంది, ఎందుకంటే నా అనుభవంలో మంచీ చెడూ అక్కడే తేలాయి.

మొదటిది చిన్న పెట్టెలా ఉండే ఆరు లీటర్ల రకం. ఎల్పీజీతో నడుస్తుంది, పొగగొట్టం ఉండదు. ప్లంబర్ దాన్ని బాత్రూమ్‌లోనే పెడదామన్నాడు. పైపు ఖర్చు తగ్గుతుంది, కుళాయి తిప్పగానే వేడినీళ్లొస్తాయి అని అతని వాదన. నేను ఒప్పుకోలేదు. వంటింటి వెనక తెరిచి ఉన్న బాల్కనీలో పెట్టించి, అక్కణ్ణుంచి బాత్రూమ్‌కి పైపు లాగించాను.

ఎందుకో లెక్క వేసి చూడండి. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే 10 కిలోవాట్ల పైనే వేడి కావాలి. అంటే గంటకు దాదాపు కిలో గ్యాస్. కిలో ఎల్పీజీ పూర్తిగా కాలడానికి సుమారు 12 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో ఉండే గాలి మొత్తం 8 ఘనపు మీటర్లు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది 18 శాతానికి దిగేసరికే మంట సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువగా పుట్టడం మొదలవుతుంది. గాలి అస్సలు మారని గదిలో అయితే, ఈ లెక్కన అందుకు ఆరేడు నిమిషాలు చాలు. తీరిగ్గా తలస్నానం చేసేవాళ్లకు అంతకంటే ఎక్కువే పడుతుంది కదా.

"గ్యాస్ తేడా వస్తే వాసన తెలుస్తుందిగా" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ వాసన లీకును పసిగట్టడానికి కావాలని కలిపిన ఇథైల్ మెర్కాప్టన్‌ది. గ్యాస్ కాలితే అదీ కాలిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తే ఆవిరి వల్లనో, ఖాళీ కడుపు వల్లనో అనుకుంటాం. అర్థమయ్యేలోపే కాళ్లలో సత్తువ పోతుంది. తలుపుకు లోపలి నుంచి గడియ ఉంటుంది. బాత్రూమ్‌లో వద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఆ గడియ కూడా ఒక కారణం.

వెంటిలేటర్ తెరిచి పెడతాంగా అంటారు. చలికాలంలో స్నానం చేసేవాళ్లు దాన్ని మూసేస్తారు, అది ఎవరి తప్పూ కాదు. ఒకరు గుర్తుపెట్టుకుని ఏదో ఒకటి చేస్తేనే ప్రమాదం తప్పే చోటైతే, ఆ చోటు నాకొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందన్న ధీమా ఇంకా చిక్కు. తలుపు మూసి ఫ్యాన్ వేస్తే అది గదిలోని గాలిని బయటికి లాగుతుంది, లోపలికి వచ్చే దారి ఉండదు. పొగగొట్టం ఉండి గదిలోని గాలినే వాడుకునే గీజర్లలో అయితే, బయటికి పోవాల్సిన పొగ ఆ గొట్టంలోంచే వెనక్కి రావచ్చు. పక్కనున్న వంటింటి చిమ్నీ కూడా ఇదే పని చేయగలదు. అలాంటి గీజర్ మీ ఇంట్లో ఉంటే తలుపులు, కిటికీలు మూయించి, ఫ్యాన్లన్నీ వేయించి, పొగ గొట్టంలోకి పోతోందా, గదిలోకి వెనక్కి కొడుతోందా అన్నది మెకానిక్ చేత పరీక్ష చేయించండి.

బాల్కనీలో పెట్టినందుకు ఇబ్బందులు లేవని అనను. వేడినీళ్లు ఆలస్యంగా వస్తాయి. అరంగుళం పైపులో మీటరుకు 0.18 లీటర్ల దాకా నీళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి, 8 మీటర్ల పైపైతే ముందు పదిహేను సెకన్ల దాకా చన్నీళ్లే. గాలి విసురుగా వీచిన రోజున మంట ఆరిపోయేది. ఆరగానే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంది, అయినా సబ్బు పూసుకున్నాక చన్నీళ్లు పడితే చిరాకే. గాలి నేరుగా తగలని పక్కగోడకు మార్పించాక ఆ బాధ చాలావరకు తగ్గింది. వంటింటి కిటికీకి దూరంగా, అటు చివర ఉండేలా కూడా చూసుకున్నాం. లేకపోతే బయటికి పోయిన పొగే కిటికీలోంచి లోపలికొస్తుంది.

అసలు టెన్షన్ తర్వాత వచ్చింది. దుమ్ము పడుతోందని బాల్కనీకి అద్దాలు బిగిద్దామని ఇంట్లో అందరూ పట్టుబట్టారు. అద్దాలు మూస్తే అది బాల్కనీ కాదు, మరో చిన్న గది. గీజర్ బిగించిన రోజున సురక్షితంగా ఉన్న చోటు ఒక్క అద్దం పనితో ప్రమాదకరం అయిపోతుంది, పైగా గీజర్‌ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చాలా వాదించాను. గీజర్ అక్కడ ఉన్నంతకాలం అద్దాలు వద్దనే చివరికి తేలింది. దోమల జాలీ మాత్రం పెట్టించాం. దానికి దుమ్ము, నూగు పట్టి గాలి ఆడకుండా పోతుంది కాబట్టి తరచూ దులపాలి.

రెండో ఇంట్లో బాల్కనీయే లేదు. అందుకని పూర్తిగా మూసిన పెట్టెలో మంట ఉండే రకం తీసుకున్నాం. బయటిగోడకు రంధ్రం చేసి ఒకదానిలో ఒకటి ఉండే రెండు గొట్టాలు పెడతారు. ఒకదాంట్లోంచి బయటి గాలి మంటకు అందుతుంది, రెండోదాంట్లోంచి పొగ బయటికి పోతుంది. గదిలోని గాలితో మంటకు పని లేదు. ఖరీదు ఎక్కువ, లోపలి ఫ్యాన్‌కు కరెంటు కావాలి, కరెంటు పోతే వేడినీళ్లు లేవు. అయినా ఇంటి లోపల పెట్టక తప్పనివాళ్లకు నేను చెప్పగలిగేది ఈ రకం ఒక్కటే. గొట్టం బయటి కొన ఏ కిటికీ దగ్గరా తేలకూడదు, అతుకులు వదులు కాలేదని ఏటా చూపించుకోవాలి.

సిలిండర్ సంగతి కూడా చోటుతో ముడిపడిందే. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకని సిలిండర్‌ను పల్లపు గదిలోనో, నీళ్లు పోయే తూము పక్కనో పెట్టకూడదు, లీకు అలారం నేలకు దగ్గరగా ఉండాలి. పైపుల ద్వారా వచ్చే సహజవాయువు తేలిక, దానికి అలారం పైకప్పు దగ్గర పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఈ రెండింటికీ వేరు. ఆ వాయువు బరువు దాదాపు గాలి బరువే కాబట్టి గదంతా కలిసిపోతుంది. మాది గీజర్‌కు రెండు మీటర్ల దూరంలో, తల ఎత్తున ఉంది. పడకగది బయట ఇంకొకటి పెట్టాం. యూరప్ ప్రమాణం పాటించే అలారం 300 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 300 వంతులు) దగ్గర మూడు నిమిషాల్లోపే మోగాలి. సెన్సార్‌కు గడువు ఉంటుంది, అది వెనకవైపు ముద్రించి ఉంటుంది.

గీజర్ల పనితనంలో నాకు పెద్ద ఫిర్యాదు లేదు. ఉప్పునీళ్లకు గార పడుతుంది, శుభ్రం చేయిస్తే మళ్లీ మామూలే. మంట నీలంగా ఉన్నంతసేపు సరే. పసుపు రంగుకు మారినా, పెట్టె మీద మసి కనిపించినా ఆ పూటే గ్యాస్ కట్టేసి మనిషిని పిలుస్తాం. బయటిగోడ గానీ, ఎప్పుడూ తెరిచి ఉండే చోటు గానీ లేని ఇంట్లో మాత్రం కరెంటు గీజర్ తీసుకోండి.