జోడీ అని ఇచ్చారు, రెండూ మాదీలే (ఆడవే)

చార్మినార్ దగ్గర మహబూబ్ చౌక్‌లో, అందరూ ముర్గీ చౌక్ అనే చోట, పక్షులు అమ్మే కొట్టు ఇది. పేరు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నల్గొండ నుంచి పొద్దున బస్సుకి వెళ్లింది లక్కా పావురాల కోసం. తోక విసనకర్రలా విప్పి, మెడ వెనక్కి విరుచుకుని నడిచే రకం. మామూలు పావురానికి తోకలో 12 ఈకలుంటే వీటికి 30 దాకా ఉంటాయి. మన దేశపు లక్కాకైతే నెత్తిన చిన్న కుచ్చు, కాళ్ల నిండా ఈకలు. మా మేడ మీద అప్పటికే నాటు పావురాలున్నాయి. "ఇంకా ఎన్ని?" అని అడగడం మా ఆవిడ ఎప్పుడో మానేసింది.

కొట్టు బాగుంది, అది ఒప్పుకోవాలి. నీళ్ల గిన్నెల్లో రెట్ట లేదు. మెడ తిప్పుకుపోయిన పక్షి ఒక్కటీ కనబడలేదు. ఒకదాని నోరు తెరిచి చూపించమంటే కొట్టు చాచా విసుక్కోకుండా చూపించారు. గొంతులో జబ్బు గుర్తుగా కనిపించే పసుపు పూత ఏమీ లేదు. రామచిలుకలు కూడా పెట్టలేదు. వాటిని అమ్మడం నేరమని తెలిసినా చాటుగా అమ్మేవాళ్లుంటారు, అందుకే చెప్తున్నా.

జోడీ 2,200 అన్నారు, 1,800కి తెగింది. "నర్ (మగది) ఏది చాచా?" అంటే "ఇదే బేటా, మెడ చూడు ఎంత లావుందో. తేడా వస్తే తీసుకురా" అన్నారు. తోక నలగకుండా పెద్ద అట్టపెట్టెలో పెట్టిచ్చారు. దానికి 40 రూపాయలు వేరే.

ఇంటికొచ్చాక నెల తిరక్కుండానే మట్టి మూకుట్లో పుల్లలు పేర్చుకున్నాయి. ఒక గుడ్డు, మర్నాడు ఇంకోటి. నాలుగు రోజులయ్యేసరికి మూకుట్లో నాలుగు గుడ్లు! పావురం పెట్టేది రెండే, అదీ ఒకటి పెట్టాక దాదాపు రెండు రోజులు ఆగి. నాలుగు కనబడ్డాయంటే పెట్టేవాళ్లు ఇద్దరన్నమాట. అయినా ఆశ చావక ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద పెట్టి చూశా. ఎర్రటి నరాలు పాకి ఉండాలి. నాలుగూ బల్బుల్లా ఖాళీ. పిల్లలు రావాల్సిన 18 రోజులూ దాటిపోయినా అవి మాత్రం వంతులు వేసుకుని పొదుగుతూనే ఉన్నాయి, పాపం. తీసేస్తే వెంటనే మళ్లీ పెట్టి నీరసపడతాయని నేనూ కదిలించలేదు. విసుగొచ్చి వాటంతటవే లేచాయి.

ఒకదాన్ని పట్టుకుని మళ్లీ హైదరాబాదు. చాచా ముందు "మేత సరిగా వేయలేదేమో" అన్నారు. నాకు మండింది. జొన్నలు, సజ్జలు, పెసలు, ఇటుక పొడి, గుడ్డు పెంకు దాకా ఏమేం పెడుతున్నానో ఏకరువు పెట్టా. అప్పుడు పక్షిని తిరగేసి, తోక కింద ఎముకల మధ్య బొటనవేలు పెట్టి చూసి నవ్వేశారు. "మాదీయే. లేత వయసులో ఆ తేడా నాకూ దొరకదు బేటా." మార్చి ఇచ్చారు గానీ, నర్ రేటు ఎక్కువంటూ 300 తీసుకున్నారు. తప్పు ఎవరిది, డబ్బు ఎవరిది? బస్సు చార్జీలు, ఒక సెలవు నా ఖాతాలోనే.

అయితే ఆ రోజు ఆయన చెప్పిన ఒక మాట ఆ 300కి తగ్గదు. లక్కాలకి వెనక భాగంలో ఈకలు దట్టంగా ఉండి జత సరిగా కుదరదట. నర్‌కీ మాదీకీ అక్కడ కొంచెం కత్తిరించాలి. కాళ్ల ఈకలు కూడా. లేకపోతే లేచేటప్పుడు గుడ్లు వాటికి తగులుకుని మూకుడు బయటికి దొర్లుతాయి. అలాగే చేశా. రెండింటినీ వారం పాటు జాలీకి చెరో పక్క ఉంచి, తర్వాత కలిపా. ఇప్పుడు మూకుట్లో పసుపు నూగుతో రెండు పిల్లలు. అమ్మా నాన్నా ఇద్దరూ గొంతులోంచి పాలు తీసి పడుతున్నారు.

అయిదుకి మూడున్నర ఇస్తా. పక్షులకి పూర్తి మార్కులు, జోడీ అన్న మాటకి సున్నా. మీరు వెళితే రెండింటినీ ఒకే గూట్లో వేయించి అరగంట నిలబడి చూడండి. మెడ ఉబ్బించి, గుటగుటమంటూ రెండోదాని చుట్టూ తిరిగేది ఉందా లేదా చూసుకున్నాకే డబ్బు తీయండి. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, నమాజు టైముకి షట్టరు దించేస్తారు.