అమలాపురంలోని ఒక న్యాయవాద కార్యాలయం సేవలపై సమీక్ష

తపాలా శాఖలో పదవీ విరమణ చేసిన మా నాన్నగారి పింఛను వివాదాన్ని హైదరాబాదులోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌లో నడపడానికి ఈ కార్యాలయానికి అప్పగించాము. ప్రతి కాగితానికీ పేజీ నంబరు వేసి, ట్యాగు కట్టి ఫైలు తయారుచేసిన తీరు మెచ్చుకోదగినదే.

అయితే, ఫీజు వసూలులో చూపిన చురుకుదనం వాయిదాల విషయంలో కనిపించలేదు. రిజాయిండర్ (ఎదుటి పక్షం జవాబుకు మా తరఫు ప్రత్యుత్తరం) దాఖలు చేయమని ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వు మాకు తెలియనేలేదు; గడువు దాటిన తరువాతి వాయిదాకు మా తరఫున ఎవరూ హాజరు కాకపోవడంతో కేసును కొట్టివేశారు. కారణం అడిగితే, గుమాస్తాగారు "గోదావరి వరదలు కదండీ" అన్నారు. ఉత్తర్వు వెలువడింది మాఘమాసంలో!

ఈ ట్రిబ్యునల్ 1987 నాటి ప్రొసీజర్ నియమాలలోని 15వ నియమం ప్రకారం, గైర్హాజరు కారణంగా కొట్టివేసిన దరఖాస్తును, తగిన కారణం చూపి 30 రోజులలోగా పునరుద్ధరించమని కోరవచ్చు. ఆ పునరుద్ధరణ దరఖాస్తును మాత్రం అదనపు ఫీజు లేకుండా గడువులోగానే వేశారు కనుక రెండు నక్షత్రాలు ఇస్తున్నాను.