సాలార్‌జంగ్‌కి 75 ఏళ్లు, అమ్మతో వెళ్లొచ్చాం

హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంకి ఈ 2026 డిసెంబర్ 16కి 75 ఏళ్లు నిండుతాయి, 1951లో సాలార్‌జంగ్‌ల పాత భవనం దివాన్ దేవిడీలో నెహ్రూ గారు ఓపెన్ చేశారు, ఇప్పుడున్న దారుల్‌షిఫా బిల్డింగ్‌కి 1968లో మారింది. స్కూల్ టూర్‌లో ఎప్పుడో లైన్‌లో తోసుకుంటూ చూసిందే, ఈసారి అమ్మకి నిదానంగా చూపిద్దామని విజయవాడ నుంచి నైట్ బస్ ఎక్కాం.

రూమ్ సంగతి ముందే చెప్తా. దగ్గరని బస్‌స్టాండ్ పక్కన లాడ్జి తీసుకుంటే వేడినీళ్లు ఏడింటికే ఆపేశారు, రాత్రంతా హారన్లు, అమ్మ కన్నే మూయలేదు. రెండో రోజు అబిడ్స్ వైపు మారాం, రేటు కొంచెం ఎక్కువే గానీ పెద్దవాళ్లతో వెళ్తే అటే నయం. ఎంజీబీఎస్ బస్‌స్టాండ్ నుంచి మ్యూజియంకి ఆటోలో ఎంతో సేపు పట్టదు, మూసీ దాటితే వచ్చేసినట్టే.

లోపల అందరూ మ్యూజికల్ క్లాక్ దగ్గరికే పరిగెడతారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వాళ్లు అమ్మిన గడియారం అది, గంట అయ్యేముందు చిన్న బొమ్మ బయటికొచ్చి ఎంతైతే అన్ని గంటలు కొట్టి లోపలికెళ్లిపోద్ది. పన్నెండింటికైతే కాలు పెట్టే చోటుండదు. మేం పదకొండుకే చూసేసి, పన్నెండింటికి జనమంతా అటు వెళ్లినప్పుడు మేలిముసుగు రెబెకా శిల్పం దగ్గరికెళ్లాం, అక్కడ మేమిద్దరం, గార్డ్ తప్ప ఎవరూ లేరు!

ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాయి, నిజాం దగ్గర దివాన్‌గా (ప్రధానమంత్రిగా) చేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారంట. ముసుగూ రాయే, ముఖమూ రాయే, అయినా ముసుగు లోంచి ముక్కు, పెదాలు, కిందికి వాల్చిన కళ్లు కనపడతాయి. అమ్మ చాలాసేపు చూసి "తడిసిన కొంగు మొహానికి అంటుకున్నట్టుంది కదరా" అంది, అంతకంటే బాగా నేను చెప్పలేను. పక్కకి జరిగి చూస్తే ముసుగు అంచు దగ్గర మడతలు ఇంకా పల్చగా, ఊదితే కదులుతాయేమో అన్నట్టున్నాయి.

ముందు నుంచి ఫౌస్ట్ కథలోని దెయ్యం మెఫిస్టోఫిలిస్, వెనకాల అద్దంలో అదే కథలోని అమ్మాయి మార్గరెట్టా కనిపించే చెక్క బొమ్మ కూడా వదలొద్దు. జేడ్ అనే విలువైన రాతితో చేసిన వస్తువుల గదిలో నూర్జహాన్ బాకు ఉంది, చిన్నదే, దాటెళ్లిపోతారు, ఆగి చూడండి. ఆయుధాలు, పింగాణీ మాత్రం మేం నడుస్తూనే చూశాం, ఓపిక లేక.

వీటిలో ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసినవే. పెళ్లి కూడా చేసుకోలేదు, 1949లో పోయారు, ఇదంతా మ్యూజియం అవ్వడం ఆయన చూడనేలేదు. అది విన్నాక అమ్మ ఆయన ఫొటో ఎక్కడుందో అడిగి మరీ వెళ్లి దణ్ణం పెట్టుకుంది.

శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి. బ్యాగులు బయటే పెట్టించుకుంటారు, బీపీ మాత్రలు జేబులో వేసుకోండి. ఒక్క రోజులో మొత్తం చూడాలనుకోకండి, మేం మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాం, రెబెకా కోసమే.