ఉన్న కెర్నెలా, సొంతంగా కట్టుకున్న కెర్నెలా? కరెంటు పోయే ఊళ్లో ల్యాప్‌టాప్‌కి ఏది మేలు

తుపాను గాలి మొదలైందంటే కోనసీమలో ముందుగా పోయేది కరెంటే. కొబ్బరిమట్ట తీగ మీద పడితే ఒక పూట, స్తంభం ఒరిగితే రెండు మూడు రోజులు. లినక్స్ ల్యాప్‌టాప్ మీద పని నడుపుకునేవాళ్లకి అప్పుడు రెండే బెంగలు: బ్యాటరీ ఎంతసేపు లాగుతుంది, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తుందా లేదా. రెండిటికీ కెర్నెల్ దగ్గరే, అంటే పరికరాలన్నిటినీ నడిపే లినక్స్ గుండెకాయ దగ్గరే, ఒకే మందు చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు: "ఉబుంటుతో వచ్చిన కెర్నెల్‌లో వేల డ్రైవర్లున్నాయి, మనకి కావలసినవి వంద. మిగతావి పీకేసి సొంతంగా కట్టుకోండి, బ్యాటరీ కలిసొస్తుంది."

కలిసిరాదండి. డిస్ట్రో కెర్నెల్‌లో (ఉబుంటు లాంటి లినక్స్ పంపిణీతో వచ్చినదాంట్లో) డ్రైవర్లు, అంటే ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రాములు, చాలామటుకు మాడ్యూళ్లు, అంటే డిస్కు మీద పడి ఉన్న విడి ఫైళ్లు. పరికరం మెషీన్‌లో కనబడితేనే యుడెవ్ (పరికరాలను కనిపెట్టే సాధనం) దాని మాడ్యూలును లోపలికి పిలుస్తుంది. షెడ్డులో పెట్టిన ఏరియేటరు (చెరువు నీటికి గాలి అందించే యంత్రం) కరెంటు తాగనట్టే, డిస్కు మీదున్న డ్రైవరు బ్యాటరీ తాగదు.

పైగా తీసేస్తే ఖర్చు పెరిగే సందర్భం కూడా ఉంది. డ్రైవరు లేని పీసీఐ పరికరాన్ని (మదర్‌బోర్డుకి నేరుగా తగిలించిన చిప్‌ని) కెర్నెల్ మామూలుగా డీ0 స్థితిలోనే, అంటే పూర్తిగా మేలుకున్న స్థితిలోనే వదిలేస్తుంది. ఎన్విడియా చిప్ అదనంగా ఉన్న ల్యాప్‌టాప్‌లో "మనం గేములు ఆడం కదా" అని నూవో డ్రైవరు తీసేశారనుకోండి, ఆ చిప్ ఏ పనీ చేయకుండానే బ్యాటరీని తోడేస్తూ కూర్చుంటుంది. కార్డ్ రీడరుదీ అదే దారి. 'ఎల్ఎస్‌పీసీఐ -కె' కొడితే ఒక్కో పరికరం కింద ఏ డ్రైవరు పనిచేస్తోందో కనబడుతుంది. హోస్ట్ బ్రిడ్జి లాంటివాటిని వదిలేసి, గ్రాఫిక్స్, వైఫై, కార్డ్ రీడర్ల కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" వరుస లేకపోతే సంగతి అక్కడుంది. (ఆదేశాలూ ఫైలు పేర్లూ ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా టెర్మినల్‌లో కొట్టేది ఇంగ్లీషులోనే.)

తెర వెలుతురు తగ్గించడం, వైఫై పవర్‌సేవ్, సాటా (డిస్కు) లింకుకి 'మెడ్_పవర్_విత్_డిప్మ్', పీసీఐ పరికరాల 'పవర్/కంట్రోల్' ఫైల్లో 'ఆటో': బ్యాటరీ నిజంగా మిగిలేది వీటివల్ల. ఇవన్నీ నడుస్తున్న కెర్నెల్‌లోనే మారేవి. టీఎల్‌పీ అనే సాధనం వేసుకుంటే చాలామటుకు అదే చూసుకుంటుంది. టీఎల్‌పీ, పవర్-ప్రొఫైల్స్-డీమన్ రెండూ పక్కపక్కన నడపకండి, ఒకటి రాసింది ఇంకొకటి చెరిపేస్తుంది.

కట్టుకుంటే అయ్యే ఖర్చు

అయినా కట్టాలనే ఉంటే, తక్కువ నొప్పితో అయ్యే దారి 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్'. ముందు 'బూట్' ఫోల్డరులో ఉన్న డిస్ట్రో కాన్ఫిగ్ ఫైలును (కెర్నెల్‌లో ఏవి ఉండాలో చెప్పే జాబితాను) సోర్సులోకి, అంటే కెర్నెల్ కోడ్ ఉన్న ఫోల్డరులోకి, '.కాన్ఫిగ్' పేరుతో కాపీ చేసి, 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' నడపాలి. ఆ తర్వాత లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. నాలుగు కోర్ల పాత ల్యాప్‌టాప్‌లో డిస్ట్రో కాన్ఫిగ్ మొత్తం కంపైల్ చేస్తే (కోడ్ నుంచి కెర్నెల్ కడితే) గంటలు పడుతుంది. ఇలా కుదిస్తే అందులో కొద్ది భాగంతో తేలిపోతుంది.

"ఆ క్షణాన లోడై ఉన్న" అన్న మాట దగ్గరే అందరూ పడతారు. నెట్ సెంటరు మెషీన్‌ అయితే ప్రింటరు, రేషన్ బియ్యం గోదాములోనో రొయ్యల కొనుగోలు దగ్గరో అయితే కాటాకి వెళ్లే సీరియల్ కేబులు, కరెంటు లేనప్పుడు ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్: ఇవి కంపైల్ రోజున గుచ్చి లేకపోతే వాటి మాడ్యూళ్లు కొత్త కెర్నెల్‌లో ఉండవు. ప్రింటరుకి 'యూఎస్‌బీఎల్‌పీ', సీరియల్ కేబులుకి 'సీహెచ్341' లేదా 'ఎఫ్‌టీడీఐ_సియో', టెథరింగుకి 'ఆర్ఎన్‌డీఐఎస్_హోస్ట్'. సరిగ్గా తుపాను రాత్రి ఫోన్ గుచ్చితే "పరికరం కనబడలేదు" అంటుంది. అందుకని అన్నీ ఒకసారి గుచ్చి, ఒక్కోదానితో పని చేయించి, అప్పుడు మొదలుపెట్టాలి. ఓపికుంటే మాడ్‌ప్రోబ్డ్-డీబీ అనే చిన్న సాధనం వేసి రెండు వారాలు వాడండి. అది లోడైన ప్రతి మాడ్యూలు పేరూ పోగేస్తుంది, ఆ జాబితానే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌కి ఇవ్వొచ్చు.

ఉబుంటు కాన్ఫిగ్‌తో మొదటిసారి కట్టేవాళ్లకి ఇంకో ముల్లు తగులుతుంది. కంపైల్ కాసేపు నడిచి 'కెనానికల్-సర్ట్స్.పెమ్' ఫైలు దొరకలేదని ఆగిపోతుంది. ఆ తాళాల ఫైలు ఉబుంటు వాళ్ల సోర్సులోనే ఉంటుంది, కెర్నెల్.ఆర్గ్ నుంచి దించినదాంట్లో ఉండదు. 'స్క్రిప్ట్స్/కాన్ఫిగ్' సాయంతో 'సిస్టమ్_ట్రస్టెడ్_కీస్', 'సిస్టమ్_రివొకేషన్_కీస్' రెండూ డిజేబుల్ చేస్తే సరి. అదే ఊపులో డీబగ్ సమాచారం కూడా ఆపేయండి, లేకపోతే డిస్కు మీద పదుల జీబీలు మింగుతుంది. చివరికి 'మేక్ -జె4 బిన్‌డెబ్-పీకేజీ' అంటే ఇన్‌స్టాల్ చేసుకునే డెబ్ ప్యాకేజీలు బయటికొస్తాయి. పాత కెర్నెల్‌ను గ్రబ్ మెనూ (ఏ కెర్నెల్‌తో బూటవ్వాలో ఎంచుకునే తెర) నుంచి తీసేయొద్దు.

మధ్యలో కరెంటు పోయి బ్యాటరీ కూడా చచ్చిందనుకోండి, మళ్లీ 'మేక్' అంటే ఆగిన చోటి నుంచే పోతుంది. కాకపోతే పోయిన క్షణంలో రాస్తున్న '.ఓ' ఫైళ్లు (కంపైలైన ముక్కలు) సున్నా బైట్లతో మిగిలిపోవచ్చు. తేదీ కొత్తగా ఉంటుంది కాబట్టి అది పూర్తయిందని మేక్ నమ్మేస్తుంది, లింకు దగ్గర అర్థంకాని తప్పు చూపిస్తుంది. 'ఫైండ్'తో సున్నా సైజు '.ఓ' ఫైళ్లు వెతికి చెరిపేసి మళ్లీ నడపండి.

చేత్తో మెనూకాన్ఫిగ్‌లోకి (డ్రైవర్లు ఎంచుకునే మెనూలోకి) వెళ్లి కత్తిరించేవాళ్లకి ఒక హెచ్చరిక. ఏసీపీఐ (కరెంటు, నిద్ర సంగతులు ఫర్మ్‌వేరుతో మాట్లాడే ఏర్పాటు) మెనూలో బ్యాటరీ, ఏసీ అడాప్టరు, బటన్, థర్మల్ జోన్ చూడటానికి చిన్నవే. బ్యాటరీ డ్రైవరు పోతే తెర మూల బొమ్మ పోవడమే కాదు, ఛార్జి అడుగంటినప్పుడు మెషీన్‌ను నిద్రపుచ్చే ఏర్పాటు కూడా పోతుంది. హఠాత్తుగా ఆరిపోతుంది. బటన్ పోతే మూత మూసినా మెషీన్‌కి తెలియదు. టచ్‌ప్యాడ్ చచ్చిపోతే దాని డ్రైవరును తిట్టకముందు పిన్‌కంట్రోల్ డ్రైవరు ఉందో లేదో చూడండి. ఐ2సీ రకం టచ్‌ప్యాడ్‌లకు ఇంటరప్ట్ (వేలు తగిలిందన్న కబురు) ఆ దారినే వస్తుంది.

సెక్యూర్ బూట్ (డిజిటల్ సంతకం ఉన్నవాటినే బూట్ కానిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే సంతకం లేని కెర్నెల్ బూటే కాదు. సొంత తాళం చేర్చి సంతకం పెట్టాలి, లేదా సెక్యూర్ బూట్ ఆపాలి. ఇవన్నీ దాటినా అప్‌డేట్ల సంగతి మిగిలే ఉంటుంది. డిస్ట్రో కెర్నెల్‌కి భద్రతా సవరణలు ఆప్ట్‌లో (ఉబుంటు అప్‌డేట్ సాధనంలో) వాటంతటవే వస్తాయి, సొంతదానికి ప్రతిసారీ మీరే కట్టాలి. జనం ఆధార్ వేలిముద్రలు పెట్టే మెషీన్‌లో ఆరునెలల పాత కెర్నెల్ నడపడం తప్పు. అలాంటి చోట డిస్ట్రో కెర్నెలే, ఇంకో మాట లేదు.

నిద్రలో ఏది?

నిజానికి తేల్చుకోవాల్సింది ఇది. 'సిస్/పవర్/మెమ్_స్లీప్' ఫైలు చదివితే 'ఎస్2ఐడిల్', 'డీప్' అనే పేర్లలో మీ మెషీన్‌కి ఉన్నవి వస్తాయి, వాడుతున్నదాని చుట్టూ చదరపు బ్రాకెట్ ఉంటుంది. డీప్ అంటే పాత ఎస్3: ర్యామ్‌కి తప్ప దాదాపు దేనికీ కరెంటు ఉండదు. ఎస్2ఐడిల్‌లో అన్ని పరికరాలూ వాటంతటవే కునుకు తీయాలి, ఒక్కటి మేలుకున్నా మొత్తం మెషీన్ సగం మెలకువలోనే ఉంటుంది.

డీప్ కనబడకపోతే కెర్నెల్ మళ్లీ కడితే వస్తుందనుకోవద్దు. బూట్ సందేశాల్లో ఏసీపీఐ "సపోర్ట్స్" వరుస చూడండి. అందులో ఎస్3 లేకపోతే అది ఫర్మ్‌వేరు (బయాస్) చెప్పిన మాట. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో మాత్రం బయాస్‌లో స్లీప్ స్టేట్ దగ్గర లినక్స్ అనే ఎంపిక ఉంటుంది, అది పెడితే డీప్ బయటపడుతుంది. రెండూ ఉంటే బూట్ వరుసలో (గ్రబ్ కెర్నెల్‌కి ఇచ్చే ఆదేశాల వరుసలో) 'మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్' చేర్చితే సరిపోతుంది.

ఏది ఎంత తాగుతోందో ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. 'సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాట్0' కింద 'ఎనర్జీ_నౌ' ఫైలు మైక్రోవాట్ గంటల్లో ఉంటుంది. రాత్రి మూత మూసేముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి రాసుకోండి. 8 గంటల్లో 4 వాట్‌గంటలు తగ్గితే అర వాటు అన్నమాట. 40 వాట్‌గంటల బ్యాటరీ ఆ లెక్కన 80 గంటలు ఉంటుంది, మూడు రోజుల తుపానుకి చాలు. అదే 3 వాట్లు అయితే 13 గంటలకే ఖాళీ. ఎస్2ఐడిల్‌లో ఇలా జరుగుతుంటే 'సిస్/పవర్/సస్పెండ్_స్టాట్స్'లో 'లాస్ట్_హెచ్‌డబ్ల్యూ_స్లీప్' చూడండి. అందులో సున్నా ఉంటే ప్రాసెసరు అసలు లోతు నిద్రలోకే దిగలేదు. సొంత కెర్నెల్‌లో ఇలాగైతే ముందు అనుమానించాల్సింది ఏఎండీ మెషీన్లలో 'ఏఎండీ_పీఎంసీ', ఇంటెల్ వాటిలో 'ఇంటెల్_పీఎంసీ_కోర్' డ్రైవర్లను కత్తిరించేశారేమో అని.

హైబర్నేట్ అయితే సున్నా వాట్లు, ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీదికి వెళ్లి మెషీన్ పూర్తిగా ఆగిపోతుంది. లేవడానికి మామూలు బూట్ అంత సమయం పడుతుంది. 8 జీబీ ర్యామ్‌కి 8 జీబీ స్వాప్ (ర్యామ్‌లోవి దించుకునే డిస్కు చోటు) పెట్టండి, ర్యామ్‌లోనే ఉండే జీర్యామ్ స్వాప్ దీనికి పనికిరాదు. స్వాప్ ఫైలైతే బూట్ వరుసలో 'రెజ్యూమ్=' దగ్గర ఆ ఫైలున్న పార్టిషన్ యూయూఐడీ (గుర్తింపు సంఖ్య), 'రెజ్యూమ్_ఆఫ్‌సెట్=' దగ్గర 'ఫైల్‌ఫ్రాగ్ -వి' చూపించే మొదటి వరుస ఫిజికల్ ఆఫ్‌సెట్ అంకె. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో ర్యామ్‌లోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్) లేకుండా బూటయ్యేలా సొంత కెర్నెల్ కట్టినవాళ్లకి ఈ యూయూఐడీ పనిచేయదు. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ చదివేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ లోపలి సాధనాలే, కెర్నెల్‌కి ఒంటరిగా తెలిసేది పార్ట్‌యూయూఐడీ. పొద్దున్న మెషీన్ కొత్తగా బూటై, తెరిచిన ఫైళ్లన్నీ పోయాయంటే కారణం చాలాసార్లు ఇదే.

సెక్యూర్ బూట్‌తో కెర్నెల్ లాక్‌డౌన్‌లో (భద్రత కోసం కొన్ని పనులు ఆపేసిన స్థితిలో) ఉంటే హైబర్నేట్ అసలు ఒప్పుకోదు. విండోస్ కూడా ఉన్న మెషీన్‌లో లినక్స్ హైబర్నేట్‌లో ఉండగా విండోస్‌లోకి వెళ్లి ఉమ్మడి పార్టిషన్ మీద ఏదైనా రాస్తే ఆ ఫైల్‌సిస్టమ్ పాడైపోతుంది.

కాబట్టి ఎస్3 సవ్యంగా ఉన్నవాళ్లకి డీప్ చాలు. ఎస్2ఐడిల్ ఒక్కటే ఉన్నవాళ్లు సిస్టమ్‌డీలో (బూట్‌నీ సేవలనీ నడిపే ప్రోగ్రాములో) సస్పెండ్-దెన్-హైబర్నేట్ పెట్టుకోవడం మేలు: 'స్లీప్.కాన్ఫ్'లో 'హైబర్నేట్‌డిలేసెక్=60మిన్' రాస్తే గంటసేపు మామూలు నిద్ర, ఆపైన డిస్కు మీదికి.

నిద్రపోయి లేవని మెషీన్‌కి 'పీఎం_టెస్ట్' ఫైలే నాడి. అందులో వరసగా 'ఫ్రీజర్', 'డివైసెస్', 'ప్లాట్‌ఫామ్', 'ప్రాసెసర్స్', 'కోర్' రాస్తూ ఒక్కోసారి సస్పెండ్ చేయండి. ప్రతిదీ ఆ మెట్టు వరకే దిగి 5 సెకన్లాగి వెనక్కి వస్తుంది. ఎక్కడ బిగుసుకుపోతే జబ్బు అక్కడే. డివైసెస్ దగ్గర ఆగితే మాడ్యూళ్లను ఒక్కొక్కటీ తీసి ప్రయత్నించండి, ఎక్కువగా వైఫైయో గ్రాఫిక్సో దొరుకుతుంది. ఆ ఫైలే కనబడకపోతే మీ కెర్నెల్‌లో పీఎం డీబగ్ లేదు. ఈ ఒక్క పనికోసం కెర్నెల్ కట్టుకోవడం మాత్రం దండగ కాదు.

ప్రాసెసరు వేగాన్ని నిర్ణయించే గవర్నర్ల గురించి ఒక్క ముక్క. 'పవర్‌సేవ్' అనే పేరు రెండు చోట్ల రెండు పనులు చేస్తుంది. ఇంటెల్_పీస్టేట్ డ్రైవరు యాక్టివ్ మోడ్‌లో అది అవసరాన్నిబట్టి వేగం పెంచే మామూలు గవర్నరు. ఏసీపీఐ-సీపీయూఫ్రెక్ డ్రైవరులో అదే పేరు వేగాన్ని అట్టడుగున మేకు కొట్టి ఉంచుతుంది. పాత మెషీన్‌లో అది పెట్టి "లినక్స్ నత్తలా ఉంది" అనకండి, 'షెడ్‌యుటిల్' పెట్టండి.

చెరువు గట్టు మీది డబ్బా

సొంత కెర్నెల్‌కి న్యాయమైన చోటు ఆకివీడు, ఉండి వైపు రొయ్యల చెరువుల దగ్గర నీటిలో ఆక్సిజన్ కొలిచి పంపే చిన్న పీసీ. దానికి పరికరాలు మారవు: ఆర్ఎస్-485 కేబులు, ఒక డాంగిల్, అంతే. కానీ అక్కడ కరెంటు పొదుపు లెక్క తలకిందులు. ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామున, ఆ వేళ కేబులు కునుకు తీయకూడదు. పవర్‌టాప్ అనే కరెంటు పొదుపు సాధనాన్ని '--ఆటో-ట్యూన్'తో నడిపితే యూఎస్‌బీ పరికరాలన్నిటికీ ఆటోసస్పెండ్ పెట్టేస్తుంది. కొన్ని చవక సీరియల్ చిప్‌లు దానినుంచి లేవవు. ఆ కేబులు 'పవర్/కంట్రోల్'లో యుడెవ్ నియమంతో 'ఆన్' అని రాసి పెట్టండి.

రెండు ఏరియేటర్లు ఒకేసారి స్టార్టయినప్పుడు వోల్టేజి పడి డబ్బా బిగుసుకుపోతే లేపడానికి వాచ్‌డాగ్ (మెషీన్ బిగుసుకుంటే తానే రీబూట్ చేసే టైమరు) కావాలి. ఇంటెల్ పీసీల్లో అది 'ఐటీసీఓ_డబ్ల్యూడీటీ'. ఉబుంటు వాచ్‌డాగ్ మాడ్యూళ్లను బ్లాక్‌లిస్టులో పెడుతుంది కాబట్టి అది లోడై ఉండదు, లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ దాన్ని నిశ్శబ్దంగా కోసేస్తుంది. ముందు 'మాడ్‌ప్రోబ్'తో చేత్తో ఎక్కించి, 'దేవ్/వాచ్‌డాగ్' వచ్చిందని చూసుకుని, అప్పుడు కాన్ఫిగ్ తీయండి. బూట్‌లో ఎక్కడానికి 'సిస్టమ్.కాన్ఫ్'లో 'రన్‌టైమ్‌వాచ్‌డాగ్‌సెక్' రాయడంతోపాటు 'మాడ్యూల్స్-లోడ్.డి'లో దాని పేరు చేర్చి, బ్లాక్‌లిస్టులోంచి దాన్ని తీసి (అందులో ఉంటే అది ఎక్కదు), ఎక్కిందో లేదో ఒకసారి రీబూట్ చేసి చూడాలి. రాస్ప్‌బెర్రీ పై 4 పెట్టినవాళ్లకి ఏ కెర్నెల్ వేసినా ర్యామ్ నిద్ర లేదు. దాని వాచ్‌డాగ్ హార్డ్‌వేరు గడువు సుమారు 15 సెకన్లే, అంతకు మించి రాయకపోవడమే మేలు.